పది గొర్రెలు, ఒక పొట్టేలు: నల్లరేగడి నేలలో ఇంటి మంద

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంటి దగ్గర నాలుగు గొర్రెలు పెట్టుకుందామనుకునేవాళ్లు ముందు మేత సంగతి అడుగుతారు. మేతకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. కాలవ గట్లున్నాయి, వరి కోసిన మాగాణిలో మినుము, పెసర, పిల్లిపెసర వస్తాయి, మెట్టన జొన్న చొప్ప, శనగ పొట్టు దొరుకుతాయి. ఇక్కడ జీవాల ప్రాణం తీసేది తడి. రేగడి బురదలో గిట్టలు చీకుతాయి, తడి పెంటలో దోమలు పుడతాయి, తడి గడ్డి వెంట నట్టలు, అంటే కడుపు పురుగులు, లోపలికి పోతాయి, నీరు నిలిచిన మడిలో కాలేయాన్ని పట్టే జలగ పురుగు కాచుకుని ఉంటుంది. అందుకే గొర్రెలను కొనేముందు కొట్టం వేయాలి, కొట్టానికి ముందు నేల చూసుకోవాలి.

నేల, కొట్టం

10 ఆడ గొర్రెలు, 1 పొట్టేలు, వాటి పిల్లలు అన్న లెక్కన చూద్దాం. పెద్ద గొర్రెకు 12 చదరపు అడుగులు, పొట్టేలుకు 30, పిల్లకు 5. మొత్తం 200 చదరపు అడుగులు, అంటే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. దాని ముందు అంతకు రెట్టింపు ఆరుబయలు దొడ్డి ఉండాలి. పొడవు తూర్పు పడమరలకు ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. చూరు 6–7 అడుగులు, నడిమి వాసం 10 అడుగుల ఎత్తు. గోడలు 3 అడుగులకు మించి కట్టకండి, ఆపైన వల వేస్తే గాలి ఆడుతుంది. పైకప్పుకు తాటాకు అన్నిటికన్నా చల్లన. రేకులే వేయాల్సి వస్తే పైన సున్నం కొట్టించి, కింద తాటాకు చాప కట్టండి. మేలో 44, 45 డిగ్రీల ఎండలో ఉత్త రేకుల కింద చూడి గొర్రె నిలవలేదు.

ఊళ్లో నీరు ఎక్కడి దాకా వస్తుందో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. విజయవాడ వైపు వాళ్లు 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు గోడల మీద పడిన నీటి గీతను చూసి, దానికి పైనే కొట్టం వేసుకోవాలి. నల్లరేగడిలో పైమట్టి అడుగు లోతు తీసేసి, చుట్టూ ఉన్న నేలకన్నా 2 అడుగులు ఎత్తు వచ్చేలా గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టండి. నేల ప్రతి 10 అడుగులకు 3 అంగుళాలు వాలాలి, ఆ వాలు చివర అడుగు లోతు కాలవ తవ్వి పెరటి చెట్లకు మళ్లించాలి. సిమెంటు గచ్చు శుభ్రమని చాలామంది వేస్తారు కానీ మూత్రం ఇంకదు, రాత్రంతా జీవం తడిలోనే పడుకుంటుంది. లంక గ్రామాల్లో, పల్లపు పొలాల్లో నేల మీద కన్నా 3 అడుగుల ఎత్తున చెక్క మంచె మేలు. చెక్కల మధ్య అర అంగుళానికి కొద్దిగా పైన సందు ఉంటే పెంటికలు కిందికి రాలతాయి, పిల్లల కాళ్లు ఇరుక్కోవు.

పెంట రెండు రోజులకోసారి ఊడ్చి, వారానికోసారి పొడి సున్నం చల్లాలి. ఊడ్చిన పెంటను కొట్టానికి కనీసం 50 అడుగుల దూరాన గుంటలో వేసి కప్పండి. మిరప, కూరగాయల రైతులు అడిగి మరీ కొనుక్కునే ఎరువు అది.

ఇంకొక శత్రువు వీధి కుక్కలు. ఒక్క రాత్రిలో మందంతా పోతుంది. దొడ్డి చుట్టూ 5 అడుగుల గొలుసు వల కట్టి, దాని అడుగు భాగాన్ని ఇంకో అడుగు భూమిలోకి దించండి. కుక్క పైనుంచి దూకడం కన్నా కింద గోకి దూరడం ఎక్కువ. ముళ్ల కంప దడి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఏ జాతి, ఎక్కడ కొనాలి

ఈ నేలకు నెల్లూరు జాతి గానీ, పల్నాడు వైపు పుట్టిన మాచర్ల జాతి గానీ సరిపోతాయి. రెండింటికీ ఉన్ని ఉండదు, వెంట్రుకలే. కత్తిరించే పని లేదు, ఎండకు ఓరుస్తాయి. నెల్లూరులో మూడు రకాలు: తెల్లని ఒంటి మీద మూతి, కళ్ల చుట్టూ నల్ల గుర్తులుంటే జొడిపి, ఒళ్లంతా తెలుపైతే పల్ల, ఎరుపు గోధుమ రంగుదైతే డోర. పొట్టేళ్లకే కొమ్ములు, ఆడవాటికి సాధారణంగా ఉండవు. మాచర్ల గొర్రె తెల్లగా ఉండి కళ్ల చుట్టూ, పొట్ట మీద, కాళ్ల మీద నలుపు లేదా గోధుమ మచ్చలతో ఉంటుంది. దక్కను వైపు ఉన్ని గొర్రెలు చవగ్గా దొరికాయని తెచ్చుకుంటే కోస్తా ఉక్కకు తట్టుకోలేవు.

సంతలో కన్నా కాపరి మందలో, సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చే వేళ చూసి కొనండి. నడకలో వెనకబడేది, దగ్గేది ఆ వేళ తెలిసిపోతుంది. పళ్లు చూడండి: ముందు పాలపళ్లు పోయి రెండు పెద్ద పళ్లు వస్తే ఏడాదిపైన, నాలుగు పళ్లైతే దాదాపు రెండేళ్లు, ఎనిమిదీ నిండితే మూడున్నర, నాలుగేళ్లు. మొదటి మందకు రెండు, నాలుగు పళ్లవి తీసుకోవాలి. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టు. దవడ కింద నీరు సంచిలా వేలాడుతుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. పొదుగు రెండు పక్కలా మెత్తగా ఉండాలి, గడ్డ తగిలితే పిల్లకు పాలుండవు. తోక కింద పెంట అంటుకుని ఉంటే పారుడు ఉన్నట్టే.

తెచ్చినవాటిని 21 రోజులు పాతవాటికి దూరంగా, వేరే నీళ్ల తొట్టితో ఉంచండి. రోగం ఉంటే చాలావరకు ఆ మూడు వారాల్లోనే బయటపడుతుంది.

మేత, దాణా

30 కిలోల గొర్రెకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత, అర కిలో ఎండుమేత కావాలి. 11 జీవాలకు రోజుకు 40 కిలోల పచ్చిమేత. నీటి వసతి ఉన్న 25 సెంట్లు చాలు: 15 సెంట్లలో సూపర్ నేపియర్ అనే పొడవాటి మేత గడ్డి, 10 సెంట్లలో దశరథ గడ్డి అనే పప్పుజాతి మేత, గట్ల మీద 3 అడుగులకొక సుబాబుల్ లేదా అవిశ చెట్టు. నేపియర్ కణుపులు 3 అడుగుల సాళ్లలో 2 అడుగులకొకటి నాటితే 70 రోజులకు మొదటి కోత, ఆపైన 45 రోజులకొకటి. ముదిరితే గొర్రె ఆకు తిని కాడ వదిలేస్తుంది, కాబట్టి అంగుళం ముక్కలుగా కొట్టి వేయాలి. దశరథ గడ్డి గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో 4–5 నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెడితేనే మొలక సరిగా వస్తుంది. 10 సెంట్లకు 800 గ్రాముల విత్తనం. సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతుకు మించకూడదు, ఎక్కువైతే అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి.

100 కిలోల దాణాకు ఒక సులువైన పాళ్లు: మొక్కజొన్న పిండి 35, వేరుశనగ చెక్క 20, నూనె తీసిన తవుడు 22, కంది లేదా మినప పొట్టు 20, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. మేసి వచ్చే గొర్రెకు మామూలు రోజుల్లో దాణా అక్కర్లేదు. పొట్టేలు కట్టడానికి, అంటే జత కలవడానికి, మూడు వారాల ముందు, చూడి చివరి ఆరు వారాలు, పాలిచ్చే మొదటి రెండు నెలలు రోజుకు 200–250 గ్రాములు పెట్టండి.

దాణాలో మూడు తప్పులు జీవాల ప్రాణం తీస్తాయి. మొదటిది, పశువుల ఖనిజ మిశ్రమం, కోళ్ల దాణా వాడటం. వాటిలో ఉండే రాగి ఆవుకు, కోడికి సరిపోతుంది కానీ గొర్రె కాలేయంలో పేరుకుని, ఒకరోజు ఉన్నట్టుండి ఒళ్లు పసుపెక్కి, మూత్రం ఎర్రబడి చచ్చిపోతుంది. గొర్రెలకని రాసి ఉన్న మిశ్రమమే కొనండి. రెండోది, పొట్టేళ్లను త్వరగా బలిపించాలని ఉత్త తవుడు, గింజలు పెట్టడం. తవుట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మూత్రనాళంలో రాళ్లు పడి, పొట్టేలు ముక్కుతూ నిలబడుతుంది, చుక్క రాదు. మూడోది, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం దయతలచి వేయడం. అన్నం కడుపులో పులిసి ఆమ్లమవుతుంది, గొర్రె పళ్లు నూరుతూ మూలన నిలబడుతుంది. అప్పుడు 30 కిలోల జీవానికి 30 గ్రాముల వంటసోడా అర లీటరు నీళ్లలో కలిపి నెమ్మదిగా తాగించి, వెంటనే డాక్టరును పిలవాలి.

ఏ మందు తాగించినా తల ఎత్తి పట్టకండి. మూతి నేలకు సమాంతరంగా ఉండాలి, దవడ పక్క సందులోంచి కొద్దికొద్దిగా పోయాలి. తల పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. మందు కన్నా తాగించిన తీరువల్ల చచ్చిన గొర్రెలు తక్కువేమీ కాదు.

బయటకు తోలేటప్పుడు

వానాకాలంలో, మంచు కాలంలో 9 గంటలకు ముందు తోలవద్దు. తెల్లవారి తడిగడ్డి కొసలకు నట్టల పిల్లలు ఎగబాకి ఉంటాయి. తడి ఆరగానే దిగిపోతాయి. ఎండాకాలంలో మంచుండదు కాబట్టి 6 నుంచి 10 వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత తోలుకోవచ్చు. తొలకరి లేత గడ్డి మీదికి ఖాళీ కడుపుతో ఎప్పుడూ వదలకండి, ముందు గుప్పెడు చొప్ప వేసి తోలండి.

గుంటూరు, పల్నాడు రైతులు మిరపకు, పత్తికి మందు కొట్టని వారమే ఉండదు. కొట్టిన చేను గట్ల మీద మూడు వారాలు మేపకూడదు. మందు కలిపిన డ్రమ్ములు కడిగిన కాలవ గుంటలో నీళ్లు తాగనివ్వకూడదు. నోట చొంగ కారుతూ ఒళ్లు వణుకుతూ కంటిపాప చుక్కలా ముడుచుకుపోతే అది పురుగుమందు విషమే. వైద్యుడు అట్రోపిన్ వేస్తేనే బతుకుతుంది, అందాకా ఒళ్లు సబ్బునీళ్లతో కడగండి. జొన్న కోసిన చేలో వాన పడి మళ్లీ లేచిన పిలకలు, బెట్టకు వాడిన మోకాలెత్తు జొన్న కూడా అంతే ప్రమాదం. దీన్నే నాము అంటారు. అందులోని సైనైడు నిమిషాల్లో చంపుతుంది. పూత దశ దాటిన జొన్న అయితే భయం లేదు.

నట్టలు, జలగలు

నట్టలకు మందు ఎంత ముఖ్యమో మోతాదు అంత ముఖ్యం. తక్కువ మోతాదుకు బలహీనమైన నట్టలు చచ్చి, మొండివి మిగిలి, వాటి పిల్లలకు ఇక ఆ మందు పనిచేయదు. బరువు అంచనాగా చూడకండి. తూకం లేకపోతే టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 28, పొడవు 26 అయితే సుమారు 31 కిలోలు. నట్టల మందు ఆల్బెండజోల్ కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు. 2.5 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 30 కిలోలకు 9 మిల్లీలీటర్లు. చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు, కడుపులో పిల్లకు అవకరం వస్తుంది.

తొలకరికి ముందోసారి, వానలు వెనకబడ్డాక ఒకసారి మందంతా తాగించండి. మధ్యలో పదిహేను రోజులకోసారి కనురెప్పలు చూసి పాలిపోయినవాటికే ఇవ్వండి. అన్నిటికీ నెలనెలా పోస్తే మందే పనికిరాకుండా పోతుంది. అనుమానముంటే పెంటికలు పొట్లం కట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళితే సూక్ష్మదర్శినిలో చూసి ఏ నట్టో చెబుతారు. గన్నవరం పశువైద్య కళాశాల విజయవాడ వాళ్లకు దగ్గరే.

కాలేయపు జలగ వేరే సంగతి. ఇది ఒంటికి పట్టే నీటి జలగ కాదు, కాలేయంలో చేరే పురుగు. దీని పిల్లలు కాలవల్లోని నత్తల్లో పెరిగి, నీటి అంచు గడ్డికి అంటుకుంటాయి. వరి మడుల అంచున, మురుగు కాలవ పక్కన మేపడమే దీనికి దారి. మామూలు నట్టల మందు లేత జలగల మీద పనిచేయదు. నవంబరు చివర ఒకసారి, జనవరిలో ఒకసారి ఆక్సిక్లోజనైడ్ అనే మందు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన తాగించాలి. ఇది కూడా పెద్ద జలగలనే చంపుతుంది కాబట్టి రెండోసారి తప్పనిసరి.

గిట్టలు

రొంపిలో నానిన గిట్టల సందున పుండు పడి, కంపు కొడుతూ, గొర్రె ముందుకాళ్లు మడిచి మోకాళ్ల మీద మేస్తుంది. ఎరువుల కొట్లో దొరికే జింక్ సల్ఫేట్ కిలో, నీళ్లు 10 లీటర్లు కలిపి, వెడల్పాటి తొట్టిలో 3 అంగుళాల లోతు పోసి, 10 నిమిషాలు నిలబెట్టండి. వానాకాలంలో వారానికోసారి ఇలా చేయాలి. మైలుతుత్తం కూడా పనిచేస్తుంది కానీ అది రాగి, గొర్రె తాగిందంటే ముప్పు. మూడు నెలలకోసారి పెరిగిన గిట్ట అంచు కత్తితో చెక్కండి. రక్తం కనపడేదాకా చెక్కకూడదు.

టీకాలు

నట్టల మందు తాగించిన వారానికి టీకా వేస్తే బాగా పడుతుంది. చిటుక రోగం టీకా మేలో వేయించండి. తొలకరి గడ్డి మేసి బాగా బలిసిన పిల్లలే ఎగిరి పడి చచ్చే రోగం ఇది. మొదటిసారి అయితే రెండు మూడు వారాలకు మళ్లీ వేయాలి. గొంతువాపు టీకా కూడా వానలకు ముందే. పారుడు రోగం, అంటే పీపీఆర్ టీకా 3 నెలల వయసు దాటాక ఒక మిల్లీలీటరు చర్మం కింద వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. మశూచి టీకా ఏటా చలికాలంలో.

నీలినాలుక రోగం మన దగ్గర అక్టోబరు నుంచి ముదురుతుంది. మూతి, పెదవులు వాచి, ముక్కు చీమిడి గట్టిపడి, కాళ్లు కుంటుతుంది. ఒకదాన్నొకటి తాకితే అంటదు, తడి పెంటలో పుట్టే చిన్న దోమలు మోస్తాయి. అందుకే ఆగస్టులో టీకా, మూడు నాలుగు వారాలకు రెండో మోతాదు, దాంతోపాటు పొడి దొడ్డి. పొడి దొడ్డి లేకుండా టీకా సగం పనే.

పీపీఆర్, మశూచి టీకాలు బతికున్న క్రిములతో చేసినవి. ఐసుపెట్టెలోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పదకొండు గొర్రెలకోసం పెద్ద సీసా విప్పరు కాబట్టి పక్క మందలవాళ్లతో కలిసి ఒకే రోజు పెట్టుకోండి. ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి అడిగితే ఆ రోజు కుదురుస్తారు. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది.

పొట్టేలు, ఈత

ఏడాదంతా పొట్టేలును మందలో వదిలితే తుపాను రోజుల్లోనూ, మే ఎండలోనూ పిల్లలు పడతాయి. ఆగస్టు మూడో వారంలో కనురెప్పలు పాలిపోయినవాటికి నట్టల మందు పోసి, దాణా మొదలుపెట్టి, సెప్టెంబరు రెండో వారంలో పొట్టేలును వదలండి. ఎద 17 రోజులకోసారి వస్తుంది, కాబట్టి ఆరు వారాలుంచితే రెండు మూడు అవకాశాలు దొరుకుతాయి. తర్వాత విడదీయాలి. చూడి ఐదు నెలలు, 147 నుంచి 150 రోజులు. పిల్లలు ఫిబ్రవరి, మార్చిల్లో పొడి వాతావరణంలో పడతాయి, మినప, పెసర కట్టె చేతికొచ్చే కాలం కూడా అదే. 22 కిలోలు దాటని పిల్లను కట్టించవద్దు. పొట్టేలును రెండేళ్లకోసారి మార్చాలి, లేకుంటే తన కూతుళ్లనే కట్టి బలం లేని పిల్లలు పుడతాయి.

ఈనడానికి వారం ముందు 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గదిలో పొడి గడ్డి పరిచి విడిగా ఉంచండి. ముందుకాళ్ల గిట్టలు రెండు, వాటిమీద మూతి కనిపిస్తే సరైన తీరు. ఉమ్మనీరు పగిలి గంటైనా పిల్ల రాకపోయినా, ఒకే కాలు లేదా తోక కనిపించినా చేయి పెట్టకుండా డాక్టరును పిలవండి. పిల్ల పడగానే మూతి, ముక్కు తుడిచి, బొడ్డు రెండు అంగుళాలు వదిలి కోసి టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. తల్లి చనుమొనలు పిండి మూసుకున్న మైనం పోగొట్టండి. ఇది మరిచిపోతే పిల్ల చీకుతూనే ఉంటుంది, పాలు రావు. మొదటి గంటలో ముర్రుపాలు కడుపులో పడాలి. 3 కిలోల పిల్లకు తొలిసారి 150 మిల్లీలీటర్లు, రోజు మొత్తానికి 450 పైన. మాయ 12 గంటల్లో పడకపోతే లాగకండి, వైద్యుడి పని అది. పదిహేను రోజుల నుంచి పిల్లలకు లేత ఆకు, కాస్త దాణా అలవాటు చేసి మూడో నెలలో పాలు మాన్పించవచ్చు. అమ్మేది ఆరేడు నెలలకు, కాటా మీద తూచి అమ్మండి. కంటి అంచనాకు అమ్మితే ఎప్పుడూ అమ్మినవాడికే నష్టం.

తుపాను వస్తోందంటే

అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వినగానే పచ్చిమేత దొరకని ఐదు రోజులకు సరిపడా ఎండుమేత, ఈ మందకు 70 కిలోలు, కొట్టంలోనే అటక మీదికి ఎక్కించండి. పైన టార్పాలిన్ కట్టేటప్పుడు గాలి వచ్చే వైపు దించి, ఎదుటి వైపు తెరిచి ఉంచాలి. అన్నివైపులా మూస్తే మూత్రపు ఘాటుకు దగ్గు పట్టుకుంటుంది. తడిసిన వేరుశనగ చెక్క, బూజు వాసన వేసే దాణా పారేయండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. వాన తగ్గిన మొదటి రోజు మేతకు తోలకండి. ముందు కాలవ బాగుచేసి నీరు పోనిచ్చి, తడి గడ్డి ఎత్తేసి సున్నం చల్లి, ఒక్కొక్క దాన్నీ పట్టుకుని నాలుగు గిట్టల సందులూ విప్పి చూసి, జింక్ సల్ఫేట్ నీళ్లలో నిలబెట్టాకే దొడ్డి తలుపు తీయండి.